సంతకము చెల్లకపోవుట

మేమెరిగిన యువకుడొకడు సంతకము చేయబడిన ఎక్స్.ఎం.ఎల్. పత్రమును ఒక కార్యాలయమునకు పంపెను. జావా ప్రోగ్రాములో చెల్లిన ఆ సంతకము అచటి డాట్‌నెట్ ప్రోగ్రాములో చెల్లలేదు. అంతటితో అతనిని మోసగాడన్నట్లు చూచిరి. పత్రములో ఒక్క అక్షరమును మారలేదు, పోయినవి ఖాళీలు.

సంతకమునకు ముందు పత్రమంతటి నుండి ఒక సంగ్రహసంఖ్యను రాబట్టుదురు. ఎస్.హెచ్.ఏ.-256 పద్ధతిలో అది 32 బైట్లు. గణవిభజనకై విడదీసి వ్రాసినను పద్యము మనకు పద్యమే. ఈ గణితమునకు అట్టి దాక్షిణ్యము లేదు. ఒక్క ఖాళీ తగ్గినను సంఖ్య వేరగును. గుణముల వరుస వంటి భేదములను సరిచేయుటకు డబ్ల్యు3సి సంస్థ 2001లో ఒక ప్రామాణిక రూపమును నిర్ణయించినది. అదియును ట్యాగుల నడిమి ఖాళీలను తొలగింపక యథాతథముగా ఉంచును.

డాట్‌నెట్‌లోని ఎక్స్‌ఎంఎల్‌డాక్యుమెంట్ మాత్రము, వలదని చెప్పనిచో, ఆ ఖాళీలను చదువునపుడే విడిచివేయును. కావున ప్రిజర్వ్‌వైట్‌స్పేస్‌ను పత్రము తెరచుటకు ముందే ‘ట్రూ’ చేయవలెను. తెరచిన పిదప చేసిన ఫలము లేదు. జావాలో చిక్కు మరియొకటి: నేమ్‌స్పేస్‌లను గుర్తింపుమని డామ్ పార్సరునకు విడిగా చెప్పవలెను.

అప్పటికిని చెల్లకున్నచో, తప్పినది సంగ్రహసంఖ్యయా, సంతకపు విలువయా అని వేరుచేసి చూడవలెను. మొదటిది తప్పినచో పత్రమును, దానిని చదివిన తీరును శంకింపవలెను. రెండవది మాత్రమే తప్పినచో తాళపుచెవిని, సంతకపు భాగమును పరీక్షింపవలెను. ఈ రెంటిని విడదీయక ‘చెల్లదు’ అని ఒక్క మాటతో సరిపుచ్చు ప్రోగ్రాములపై మాకు సదభిప్రాయము లేదు.

కార్యాలయమువారు ఆ ఒక్క అమరికను మార్చగా, యువకుని పత్రము నాడే అంగీకృతమైనది.