రెండు నలుపుల నడుమ

మన ప్రబంధకవులు నాయికను వర్ణింపబూనినప్పుడు నూగారును విడిచిపెట్టలేదు. నాభినుండి పైకి సాగు ఆ సన్నని రోమరేఖను చీమలబారుతోను, తుమ్మెదల పంక్తితోను పోల్చిరి. వారికది యౌవనోదయమునకు గుర్తు, చూడదగిన అందము. ఆ కావ్యభాగమును తరగతిలో అర్థతాత్పర్యములతో చదువుకొన్న విద్యార్థినియే, గంట కొట్టగానే పైపెదవిమీది నూగును చేతిరుమాలుతో మఱుగుపఱచుకొని బయటికి నడచుచుండును. తోటివారు మీసములని నవ్వుదురేమోయని ఆమె భయము. కావ్యమునకును లోకమునకును ఇంత దూరమేల కలిగెనో అది వేఱొక చర్చ. ఆ భయముతో ఆ బాలిక ఎచ్చటికి పోవుచున్నది, ఏమి తెలిసికొని పోవుచున్నది అనునదే ఇచ్చట ఆలోచింపదగినది.

నేడు అట్టివారనేకులు పోవుచోటు లేసరు చికిత్సాలయము. మహానగరములందే కాక చిన్న పట్టణములందును ఈ చికిత్స లభించుచున్నది. యంత్రమును గూర్చిన ప్రకటనలకు కొదువ లేదు. కాని యంత్రము చేయు మేలు, యంత్రమును సమీపించుటకు ముందు చర్మమును సిద్ధపఱచుకొను తీరుపై చాలవఱకు ఆధారపడియున్నదను మాట ఆ ప్రకటనలలో అరుదుగా కనిపించును.

అవాంఛిత రోమములను తొలగించుకొనవలెనను కోరిక క్రొత్తది కాదు. పసిబిడ్డ ఒంటిని పిండితో నలుచుట, పెండ్లికూతునకు నలుగు పెట్టుట, నిత్యము పసుపు పూసికొనుట మన యిండ్లలో తరతరములుగా వచ్చుచున్నవి. వీనివలన నూగు తగ్గునని పెద్దల నమ్మకము. ఆయుర్వేద గ్రంథములు రోమములను రాల్చుటకు హరితాళమును శంఖచూర్ణముతో కలిపిన లేపనమును చెప్పినవి. హరితాళము పాషాణజాతిలోనిది, దానితో ఆటలాడరాదు. పాశ్చాత్యదేశములలో 1875లో ఛార్లెస్ మిషెల్ అను అమెరికా నేత్రవైద్యుడు, కంటిలోనికి పెరుగు రెప్పవెంట్రుకలను సన్నని సూదిద్వారా విద్యుత్తు పంపి నిర్మూలించెను. 1895లో ఎక్స్‌కిరణములు కనుగొనబడిన కొలది కాలమునకే వానివలన వెంట్రుకలు రాలుట గమనింపబడినది. అంతట 1920వ దశకములో అమెరికాయందు సౌందర్యశాలలవారు ఆ కిరణములను స్త్రీల ముఖములపై ప్రయోగించిరి. వెంట్రుకలు రాలినవి, కాని కొన్నేండ్లకు ఎందఱికో చర్మము ముడుతలువడి, పుండ్లుపడి, కొందఱికి క్యాన్సరు వ్యాధియే సంభవించినది. చర్మముయొక్క స్వభావమును తెలిసికొనక చేసిన తొందర ఎట్టి ఫలమిచ్చునో ఆ చరిత్ర చెప్పుచున్నది.

1960లో థియోడర్ మైమన్ కెంపు స్ఫటికముతో మొట్టమొదటి లేసరును వెలిగించెను. 1983లో రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ అను వైద్యశాస్త్రవేత్తలు, తగిన రంగు కాంతిని తగినంత స్వల్పకాలము ప్రయోగించినచో చుట్టునున్న భాగమునకు హాని లేకుండ కోరిన భాగమును మాత్రమే వేడిచేయవచ్చునని ప్రతిపాదించిరి. ఈ సూత్రమే నేటి చికిత్సకు పునాది. 1990వ దశకమున ఇది రోమముల విషయమున ఆచరణలోనికి వచ్చినది.

ఈ సూత్రములోని కీలకమును విద్యార్థులు తేలికగా గ్రహింపగలరు. ఎండలో నల్లగుడ్డ తెల్లగుడ్డకంటె త్వరగా వేడెక్కును. వెంట్రుకలోని నల్లని వర్ణద్రవ్యమునకు మెలనిన్ అని పేరు. లేసరు కాంతిని ఈ మెలనిన్ పీల్చుకొని వేడెక్కును. ఆ వేడి కుదుటికి వ్యాపించి, రోమమును మరల పుట్టించు కణములను చెఱచును. కాని కాంతికి వెంట్రుక యేదో తెలియదు. దానికి తెలిసినది నలుపు మాత్రమే. మన చర్మమునకు చామనచాయ నిచ్చునదియు ఆ మెలనినే గదా! తెల్లని చర్మము, నల్లని వెంట్రుక గలవారియందు గుఱి సులభము. మనవారియందో, ఒక నలుపును కొట్టబోయి ఇంకొక నలుపును కొట్టు ప్రమాదమున్నది. అట్లు జరిగినచో చర్మము కందును, బొబ్బలెక్కును. మచ్చలేర్పడి మాసముల తరబడి నిలిచిపోవును.

హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన థామస్ ఫిట్జ్‌పాట్రిక్, ఎండకు స్పందించు తీరునుబట్టి చర్మమును వర్గీకరించు పద్ధతిని 1975లో ప్రారంభించెను. నేడది ఆరు తరగతులుగా వాడుకలోనున్నది. భారతీయులలో అధికసంఖ్యాకులు మూడవ తరగతినుండి అయిదవ తరగతివఱకు వత్తురు. ఇట్టి చర్మమునకు ఏ యంత్రము వాడుచున్నారో అడిగి తెలిసికొనుట రోగియొక్క హక్కు. లేసరులలో 755 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము గలది అలెగ్జాండ్రైటు. 800కు పైబడినది డయోడు. 1064 గలది ఎన్‌డీ-యాగ్. తరంగము పొడవైనకొలది పైపొరలోని మెలనిన్ దానిని తక్కువగా పీల్చును, కాంతి లోతునకు దిగును. కావున మిక్కిలి నల్లని చర్మమునకు 1064 నానోమీటర్లది ఎక్కువ క్షేమకరమని వైద్యుల అభిప్రాయము. చర్మమును చల్లబఱచు ఏర్పాటును యంత్రముతోబాటు ఉండవలెను.

ఇంతవఱకు తెలిసినచో, చర్మమును సిద్ధపఱచుకొనుట యనగా ఏమో దానంతటదియే బోధపడును. చర్మపు నలుపును తగ్గించి, వెంట్రుక నలుపును కాపాడి, రెంటినడుమ భేదమును వీలైనంత పెంచుటయే ఆ సన్నాహము. వైద్యులు చెప్పు నియమములలో ముఖ్యమైనవి పెక్కు ఈ యొక్క భావమునుండియే పుట్టినవి.

మొదటిది ఎండ. ఎండ తగిలిన చర్మము తన్నుతాను కాపాడుకొనుటకై మెలనినును అధికముగా తయారుచేయును. అట్టి చర్మముపై లేసరు పడుట మంటకు సమిధ వేయుటవంటిది. చికిత్సకు ముందు నాలుగు వారములైన ఎండను తప్పించుకొనవలెను. సైకిలుపై పాఠశాలకు పోవు బాలికకు, ఆటస్థలములో నిలుచు ఉపాధ్యాయినికి ఇది సులభము కాదు. గొడుగు, నిండుచేతుల రవిక, పైట చెంగు ఆదుకొనును. ముఖమునకు ముప్పదికి తక్కువకాని రక్షణాంకము గల సన్‌స్క్రీన్ లేపనమును పూసికొని, బయటనున్నంతసేపు రెండు గంటలకొకసారి మరల పూసికొనవలెను. విశాఖ సముద్రతీరమునకు విహారయాత్ర పోయివచ్చిన మఱునాడు చికిత్సకు కూర్చుండరాదు.

రెండవది కుదురు. కాంతి వేడిని మోసికొనిపోవలసినది వెంట్రుక. అది కుదుటిలో లేనిచో కాంతికి దారి లేదు. కాబట్టి చికిత్సకు ముందు నాలుగు వారములు, అటుపై చికిత్సల నడుమ కాలమందును, దారముతో లాగుట, వాక్సు పట్టించుట, పట్టుకారుతో పెఱుకుట మానవలెను. కత్తితో గొఱుగుట మాత్రము దోషము కాదు. అది చర్మముపైనున్న భాగమును కోయునేకాని కుదుటిని కదల్పదు. పైగా చికిత్సకు ముందునాడు మెత్తగా గొఱుగుట అవసరము. ఏలయనగా చర్మముపై నిలిచియున్న వెంట్రుక కాలి, ఆ వేడి పైచర్మమును కాల్చును. గొఱిగినచో వెంట్రుకలు మఱింత దట్టముగా వచ్చునని ఆడపిల్లలు భయపడుదురు. అది నిజము కాదు. తెగిన కొన మొద్దుగానుండుటచేత లావుగా తోచును, అంతే. వెంట్రుక రంగును పోగొట్టు బ్లీచును పనికిరాదు. నలుపు పోయిన వెంట్రుక కాంతికి కనబడదు.

మూడవది లేపనములు. మొటిమలకు వాడు రెటినాయిడు లేపనములు చర్మమును సున్నితము చేయును గాన వైద్యుడు చెప్పినన్ని దినములు ముందుగా మానవలెను. అంతకంటె అపాయకరమైనవి ముఖము తెల్లబడునని చెప్పి అమ్ముడుపోవు స్టెరాయిడు మిశ్రమములు. వైద్యుని చీటి లేకుండ వీనిని నెలల తరబడి రాచుకొన్నచో చర్మము పలుచబడి ఎఱ్ఱబాఱును; ముఖముపై నూగు పెరుగుటయు కలదు. నూగు పోగొట్టుకొనబోవువారు నూగు పెంచు మందును తామే రాచుకొనుచుండుట శోచనీయము.

చికిత్సదినమున ముఖము శుభ్రముగానుండవలెను. పసుపు, కుంకుమ, కాటుక, పౌడరు, అత్తరు ఏవియు ఉండరాదు. రంగుగల ఏ పూతయైనను కాంతిని పీల్చుకొనవచ్చును. పచ్చబొట్టు విషయమున మఱింత జాగ్రత్త వలయును. పచ్చబొట్టుపై లేసరు పడినచో ఆ రంగు వేడెక్కి చర్మము కాలును. చేతిపై పచ్చబొట్టు గల స్త్రీలు దానిని ముందుగానే చూపవలెను. పుట్టుమచ్చలను కప్పియుంచవలెను. కండ్లకు రక్షణ కవచము లేకుండ ఆ గదిలో ఎవరును ఉండరాదు.

వైద్యునివద్ద దాచరాని సంగతులు కొన్ని కలవు. వాడుచున్న మందులు, ముఖ్యముగా ఎండను సహింపనీయని డాక్సీసైక్లిన్ వంటివి, పెదవిపై మాటిమాటికి వచ్చు సర్పి పొక్కులు, గాయము మానినచోట మచ్చ ఉబ్బు స్వభావము, గర్భము. వీనినిబట్టి చికిత్సను వాయిదా వేయుటయో, ముందుగా వేఱు మందిచ్చుటయో జరుగును. మంచి వైద్యుడు మొదటి దినముననే ముఖమంతయు చికిత్స చేయడు. చిన్నచోట పరీక్షించి, ఒకటి రెండు దినములైన వేచి, చర్మము ఓర్చుకొన్నదని చూచిన పిమ్మటనే ముందునకు సాగును. ఈ పరీక్ష వలదని చెప్పువారిని నమ్మకుండుట మేలు.

తొందర యిచ్చట పెద్ద శత్రువు. ముహూర్తము పదునైదు దినములున్నదనగా, నిన్నటి వాక్సుతోను, మొన్నటి ఎండతోను పరుగెత్తివచ్చు పెండ్లికూతునకు ఈ చికిత్స తగదు. వెంట్రుకలన్నియు ఒకే దశలో నుండవు; కొన్ని పెరుగుచుండును, కొన్ని క్షీణించుచుండును, కొన్ని విశ్రమించుచుండును. పెరుగుచున్న దశలోని వానిపైననే లేసరు బాగుగా పనిచేయును. అందుచేత నాలుగు నుండి ఎనిమిది వారముల యెడముతో ఆరో, ఎనిమిదో పర్యాయములు కావలసివచ్చును. అప్పటికిని ఫలము పూర్తి నిర్మూలనము కాదు. శాశ్వతముగా తగ్గుట యనియే అమెరికా ఆహార ఔషధ సంస్థ దీనిని పేర్కొనును.

అన్నిటికంటె ముందు జరుగవలసిన సన్నాహము మఱియొకటి కలదు. అది కారణమును తెలిసికొనుట. గడ్డముపైనను, రొమ్ముపైనను, పొట్టపైనను ముతకవెంట్రుకలు పెరుగుటతోబాటు ఋతుక్రమము తప్పుట, మొటిమలు, బరువు పెరుగుట ఉన్నచో అండాశయములలోని హార్మోనుల అసమత అందులకు కారణమై యుండవచ్చును. దీనినే నేడు పీసీఓఎస్ అనుచున్నారు. ఇట్టి రోమవృద్ధిని కొలుచుటకు ఫెర్రిమన్, గాల్వే అనువారు 1961లో ఒక కొలమానమును కూర్చిరి. నేటికిని వైద్యులు దానిని వాడుచున్నారు. మూలమును చక్కదిద్దక పైపైన కాంతి ప్రసరింపజేసినచో క్రొత్త వెంట్రుకలు వచ్చుచునే యుండును. ఆ బాలిక మొదట పోవలసినది లేసరు గదికి కాదు, వైద్యుని పరీక్షకు.

ఇక పైపెదవిమీది పలుచని నూగు మాట. దానిలో మెలనిన్ స్వల్పము. లేసరునకు అది మంచి గుఱి కాదు. అంతేకాక ముఖముపై సన్ననినూగు గలచోట లేసరు వాడగా, తగ్గుటకు మాఱుగా వెంట్రుకలు ముదిరి పెరుగుటయు కొందఱియందు కనబడినది. చామనచాయవారియందును, హార్మోనుల దోషము గలవారియందును ఈ విపరీతము ఎక్కువ. హార్మోనులు ఇంకను కుదుటపడని పదునాలుగేండ్ల బాలికకు, నూగును జూచి నవ్విన ఒక్క నవ్వునకు వెఱచి ఈ చికిత్స చేయించుట ఎంతటి పొరపాటో దీనివలన స్పష్టము.

వయసు వచ్చి, కారణము తెలిసికొని, తన యిష్టముతో, ఓపికతో సిద్ధపడి వచ్చిన స్త్రీకి ఈ చికిత్స మేలు చేయును, సందేహము లేదు. వలదనువారికి అట్లే యుండు స్వేచ్ఛయు ఉన్నది. కాని పరిహాసమునకు జంకి పరుగెత్తువారికి సిద్ధపడుటకు తీరిక యుండదు. ఆ పరిహాసము పుట్టుచోటు తరగతిగది యగుచో, దానిని ఆపవలసినవాడు నల్లబల్లయొద్ద నిలిచిన ఉపాధ్యాయుడే. కవులు నూగారును ఎట్లు చూచిరో చెప్పు పాఠముననే, జీవశాస్త్రము మెలనినును ఎట్లు చూచుచున్నదో చెప్పవచ్చును. చర్మమునకు నాలుగు వారముల సన్నాహము చాలును. మనస్సునకు కావలసిన సన్నాహము అంతకంటె ముందే, నవ్వినవారికిని నవ్వులపాలైనవారికిని ఆ గదిలోనే ప్రారంభము కావలెను.