మబ్బు విడిస్తేనే దర్శనం!

ఆకుపచ్చ పట్టుచీరను ఎవరో ఆకాశంలో ఆరేసినట్టు... ధ్రువకాంతుల ఫొటో చూస్తే అలాగే అనిపిస్తుంది. ఆ ఒక్క ఫొటో పుణ్యమా అని డబ్బు కూడబెట్టుకుని, ఉన్న సెలవులన్నీ వాడేసి నార్వేలోని ట్రోమ్సోకు వెళ్లేవాళ్లు ఎందరో. శాస్త్రవేత్తలేం కాదు, మామూలు ఉద్యోగులు, కొత్త దంపతులు, పదవీ విరమణ చేసినవాళ్లు. తీరా వెళ్లాక తెలుస్తుంది అసలు సంగతి. అక్కడ రాత్రంతా తిరగాల్సింది మబ్బులేని ఆకాశం కోసమని!

ట్రోమ్సో... ఆర్కిటిక్ వలయానికి ఉత్తరంగా దాదాపు 350 కిలోమీటర్ల దూరంలోని ఊరు. నవంబరు చివరి నుంచి జనవరి మధ్య వరకూ అక్కడ సూర్యుడు ఉదయించడు. ధ్రువకాంతులు తరచూ మెరిసే ప్రాంతంలోనే ఉంది. అయినా ‘ఈరోజు తప్పకుండా చూపిస్తాం’ అని నికార్సైన గైడెవరూ మాటివ్వరు. సముద్రతీరం కావడంతో మబ్బులెక్కువ. కాంతులు పుట్టేదేమో నేలకు సుమారు వంద కిలోమీటర్ల పైన. కిందన మబ్బు అడ్డొస్తే పైన ఎంత వైభవంగా వెలిగినా ఒకటే, వెలగకపోయినా ఒకటే.

అందుకే సాయంత్రం చీకటిపడగానే వ్యాన్లు బయల్దేరతాయి. గైడ్ కళ్లు మేఘాల పటం మీదే. తీరమంతా మూసుకుపోయిందంటే బండి ఫిన్లాండ్ సరిహద్దు వైపు మళ్లుతుంది. వందకుపైగా కిలోమీటర్ల మంచుదారి. ఆ దారిలోని స్కీబోట్న్ లోయకు ఓ వరముంది. సముద్రం మీద నుంచి వచ్చే తేమగాలుల్ని చుట్టుపక్కల కొండలు ముందే అడ్డుకుంటాయి. పడమటి కనుమల ఇవతల మన అనంతపురంలో వానలు తగ్గినట్టే అన్నమాట! స్వీడన్లోని అబిస్కోకు అంత పేరొచ్చిందీ ఈ కారణంతోనే. కాకపోతే తీరం వదిలేకొద్దీ చలి ముదురుతుంది. వెచ్చటి సముద్ర ప్రవాహం వల్ల ట్రోమ్సోలో జనవరి సగటు మైనస్ 4 డిగ్రీల దగ్గరే ఆగితే, లోపలి లోయల్లో కొన్ని రాత్రులు మైనస్ 20 కూడా పలుకుతుంది.

బండి దిగి మంచులో నిలబడ్డాక మొదలవుతుంది నిరీక్షణ. కాలివేళ్లు మొద్దుబారతాయి. కెమెరా బ్యాటరీ చలికి చప్పున నీరసించిపోతుంది, రెండోదాన్ని లోపలి జేబులో ఒంటి వేడికి దాచుకోవాలి. గంట గడుస్తుంది... రెండు గంటలు... ఉత్తరాన తెల్లటి మరకలాంటిదేదో కనిపిస్తుంది. పల్చటి మబ్బేమో అనుకుంటారు. గైడ్ కెమెరాను స్టాండు మీద పెట్టి కొన్ని సెకన్లు తెరిచి ఉంచుతాడు. తెర మీద చూస్తే... ఆకుపచ్చ!

చాలామంది మనసు చివుక్కుమనేది ఇక్కడే. కెమెరాకు పచ్చగా కనిపించింది కళ్లకు బూడిదరంగులో ఎందుకుంది? మసక వెలుతురులో మన కంటికి రంగులు సరిగ్గా ఆనవు. కెమెరా అయితే క్షణాల తరబడి వెలుగును పోగేసుకుంటుంది. ప్రకటనల్లో ఫొటోలు వేసేవాళ్లు ఈ ముక్క కూడా పక్కన రాస్తే బాగుండేది.

ఇంతకీ ఆ వెలుగేమిటి? సూర్యుడి నుంచి విద్యుదావేశ కణాలు నిరంతరం గాలిలా వీస్తుంటాయి. ఆ గాలి భూమి అయస్కాంత క్షేత్రంలో అలజడి రేపినప్పుడు ఎలక్ట్రాన్లు ధ్రువాల వైపు దూసుకొచ్చి పైవాతావరణాన్ని ఢీకొడతాయి. దాదాపు 100 నుంచి 150 కిలోమీటర్ల ఎత్తులో ఆక్సిజన్ ఆకుపచ్చగా, 200 దాటాక అదే ఆక్సిజన్ ఎర్రగా వెలుగుతుంది. అందుకే చాలా దూరం నుంచి చూసేవారికి పైనున్న ఎరుపే దక్కుతుంది. 2024 మే 10 రాత్రి, ఇరవయ్యేళ్లలో ఎన్నడూ లేనంత తీవ్రంగా సౌరతుపాను వచ్చినప్పుడు లద్దాఖ్‌లోని హాన్లేలో కెమెరాలకు చిక్కింది ఆ ఎరుపే. ఈ సౌరగాలిని గమనించే పనిలో మనవాళ్లూ ఉన్నారు. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయల్దేరిన ఆదిత్య-ఎల్1 భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఆ పనిమీదే వెళ్లింది. అంత దూరాన గాలి మారితే ఇక్కడికి సుమారు గంట ముందు కబురందుతుంది.

మళ్లీ లోయలోకి వద్దాం. మరకను చూసి ‘ఇంతేనా’ అనుకుని వ్యానెక్కి కూర్చున్నవాళ్లు కొన్నిసార్లు దెబ్బతింటారు. అర్ధరాత్రి వేళ ఆ మరకే ఒక్కసారిగా బిగుసుకుని తీగలా మారుతుంది. తీగ మెలికలు తిరిగి తెరలవుతుంది. తెర అంచున గులాబీరంగు పరుగులు తీస్తుంది. అప్పుడిక కంటికీ రంగు తెలుస్తుంది, మంచుమీద సైతం పచ్చటి వెలుగు పడుతుంది. పది నిమిషాల్లోనే అంతా చెదిరిపోవచ్చు. ఆ పది నిమిషాలూ కెమెరా మీటలు సరిచేసుకోవడంతోనే సరిపోయినవాళ్లూ ఉంటారు పాపం.

అసలేమీ కనిపించని రాత్రులూ తక్కువేం కాదు. తెల్లవారుజామున రెండు, మూడింటికి ఉత్తచేతులతో హోటలుకు చేరతారు. ఒక్క రాత్రికే వచ్చినవాళ్లు పొద్దున విమానమెక్కుతారు. నాలుగు రాత్రులు చేతిలో ఉన్నవాళ్లు తడిసిన సాక్సులు హీటరు మీద ఆరేసుకుని, మర్నాటి మేఘాల పటం ముందేసుకుని కూర్చుంటారు.