కారు కూలింగ్ ఫ్యాన్‌కు మాన్యువల్ స్విచ్ పెట్టిస్తున్నారా? రిలే లేకుండా మాత్రం వద్దు!

ఎండాకాలంలో ట్రాఫిక్‌లో ఆగితే చాలు, కొన్ని కార్లలో టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు పాకుతుంది. ఏసీ గాలి కూడా వేడెక్కుతుంది. బానెట్ ఎత్తి చూస్తే రేడియేటర్ ఫ్యాన్ కదలదు. ఇలాంటప్పుడు చాలా షెడ్లలో వినిపించే మాట ఒక్కటే.. 'ఫ్యాన్ డైరెక్ట్ చేసేద్దాం, డ్యాష్‌బోర్డు మీద ఒక స్విచ్ పెట్టేస్తా' అని. పని త్వరగా అయిపోతుంది, ఖర్చూ తక్కువే. కానీ ఆ స్విచ్‌ను ఎలా కలిపారన్న దాని మీదే ఇంజిన్ భద్రత ఆధారపడి ఉంటుంది. తప్పుగా కలిపితే వైర్లు కాలి, కారుకే నిప్పంటుకునే ప్రమాదం ఉంది.

అసలు ఫ్యాన్ ఎప్పుడు తిరగాలి?

కారు వేగంగా వెళ్తున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. ఫ్యాన్‌తో అసలు అవసరం ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, ఘాట్ రోడ్డులో మెల్లగా ఎక్కుతున్నప్పుడు, ఏసీ వేసినప్పుడు. చాలా కార్లలో కూలెంట్ వేడి సుమారు 92 నుంచి 98 డిగ్రీలకు చేరితే ఫ్యాన్ దానంతట అదే ఆన్ అవుతుంది. కొన్ని డిగ్రీలు తగ్గగానే ఆగిపోతుంది. పాత కార్లలో ఈ పని రేడియేటర్‌కు బిగించిన థర్మో స్విచ్ చేస్తుంది. కొత్త కార్లలో సెన్సర్ ఇచ్చే సమాచారాన్ని బట్టి ఈసీయూ ఆ నిర్ణయం తీసుకుంటుంది.

స్విచ్ కంటే ముందు ఇవి చూడాలి

ఫ్యాన్ ఎందుకు తిరగడం లేదో తెలుసుకోకుండా స్విచ్ పెట్టడం అంటే జబ్బును వదిలేసి జ్వరం మాత్ర వేసుకోవడమే. ముందుగా ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ సరిపడా ఉందో లేదో చూడాలి. కూలెంట్ తగ్గిపోతే సెన్సర్ దానిలో మునగదు, అసలు వేడి దానికి తెలియదు. తర్వాత ఫ్యూజ్, రిలే, ఫ్యాన్ కనెక్టర్ చూడాలి. చివరగా ఫ్యాన్ మోటార్‌కు బ్యాటరీ నుంచి ఫ్యూజ్ ఉన్న వైరుతో నేరుగా కరెంట్ ఇచ్చి చూడాలి. అప్పుడు కూడా తిరగకపోతే మోటారే పోయినట్టు. ఎన్ని స్విచ్‌లు పెట్టినా లాభం ఉండదు.

ఒకవేళ ఫ్యాన్ బాగానే తిరుగుతున్నా ఇంజిన్ వేడెక్కుతుంటే సమస్య వేరే చోట ఉంది. థర్మోస్టాట్ ఇరుక్కుపోవడం, వాటర్ పంప్ పాడవడం, రేడియేటర్ పూడుకుపోవడం, హెడ్ గ్యాస్కెట్ పోవడం.. వీటిలో ఏదైనా కావచ్చు. వీటికి మాన్యువల్ స్విచ్ మందు కాదు.

నేరుగా స్విచ్ పెడితే ఏమవుతుంది?

చిన్న కారు ఫ్యాన్ కూడా 10 నుంచి 15 ఆంపియర్ల కరెంట్ లాగుతుంది. పెద్ద కార్లలో, రెండు ఫ్యాన్లు ఉన్న కార్లలో ఇది ఇంకా ఎక్కువ. స్టార్ట్ అయ్యే క్షణంలో మరింత లాగుతుంది. ఫాగ్ లైట్ల కోసం అమ్మే చిన్న స్విచ్‌లు ఈ బరువును మోయలేవు. ముందు స్విచ్ వేడెక్కుతుంది, తర్వాత లోపలి ప్లాస్టిక్ కరుగుతుంది. ఇంజిన్ గదిలోంచి డ్యాష్‌బోర్డు దాకా, అక్కడి నుంచి మళ్లీ వెనక్కి సన్న వైరు లాగితే వోల్టేజ్ కూడా పడిపోతుంది. ఫ్యాన్ తిరుగుతున్నట్టే కనిపిస్తుంది కానీ కావాల్సిన వేగం ఉండదు. దానికి ఫ్యూజ్ కూడా పెట్టకపోతే, ఆ వైరు ఎక్కడైనా బాడీకి రాసుకుని తొడుగు ఊడిన రోజు మంటలే.

రిలే పని ఇదీ

రిలే అంటే చిన్న కరెంట్‌తో పెద్ద కరెంట్‌ను నడిపించే స్విచ్. దాని కాయిల్‌కు సుమారు 0.2 ఆంపియర్ చాలు. అంటే డ్యాష్‌బోర్డు స్విచ్ మీద భారం దాదాపు ఉండదు. ఫ్యాన్ లాగే కరెంట్ మొత్తం బానెట్ కిందే, బ్యాటరీ నుంచి రిలే మీదుగా ఫ్యాన్‌కు వెళ్తుంది. మామూలు నాలుగు పిన్నుల రిలే కాళ్ల మీద 30, 87, 85, 86 అని అంకెలు ఉంటాయి. వైరింగ్ ఇలా ఉండాలి.

* పిన్ 30: బ్యాటరీ పాజిటివ్ నుంచి వచ్చే లావు వైరు. దీనికి ఫ్యూజ్ తప్పనిసరి. అది బ్యాటరీకి వీలైనంత దగ్గరగా, జానెడు దూరంలోపే ఉండాలి.
* పిన్ 87: ఫ్యాన్ పాజిటివ్ వైరుకు.
* పిన్ 86: తాళం ఆన్ చేస్తేనే కరెంట్ వచ్చే వైరు నుంచి, చిన్న ఫ్యూజ్ మీదుగా.
* పిన్ 85: డ్యాష్‌బోర్డు స్విచ్‌కు. స్విచ్ రెండో కాలు బాడీ ఎర్త్‌కు.

స్విచ్‌ను ఎర్త్ వైపు పెట్టడంలో ఒక లాభం ఉంది. లోపలికి వెళ్లే సన్న వైరు ఎప్పుడైనా బాడీకి తగిలినా షార్ట్ అవదు, ఫ్యాన్ ఆన్ అవుతుంది అంతే. పిన్ 86కి తాళం లైన్ వాడటానికీ కారణం ఉంది. స్విచ్ ఆపడం మర్చిపోయి దిగినా, తాళం తీయగానే ఫ్యాన్ ఆగిపోతుంది. లేదంటే 35 ఆంపియర్ అవర్ బ్యాటరీని 15 ఆంపియర్ల ఫ్యాన్ రెండు గంటలు కాస్త దాటేసరికి ఖాళీ చేసేస్తుంది.

15 ఆంపియర్ల ఫ్యాన్‌కు కనీసం 2.5 ఎంఎం వైరు, 20 లేదా 25 ఆంపియర్ల ఫ్యూజ్ సరిపోతాయి. అంతకంటే ఎక్కువ లాగే ఫ్యాన్‌కు 4 ఎంఎం వైరు, దానికి తగ్గ ఫ్యూజ్ వేయాలి. ఫ్యూజ్ మాటిమాటికీ పోతోందని పెద్దది వేయించొద్దు. అది ఎందుకు పోతోందో వెతికించాలి.

ఆటోమేటిక్ వైరు కోయొద్దు

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. కంపెనీ వైరు కోసేసి ఫ్యాన్‌ను పూర్తిగా స్విచ్ మీదకు మార్చేస్తారు. ఆ రోజు నుంచి ఇంజిన్ ప్రాణం డ్రైవర్ జ్ఞాపకశక్తి మీదే ఆధారపడుతుంది. బండి మరొకరి చేతికి ఇచ్చినప్పుడు, ఆ స్విచ్ ఎందుకుందో వాళ్లకు తెలియకపోతే అంతే సంగతులు. సిలిండర్ హెడ్ వంకర పోవడం, గ్యాస్కెట్ పోవడం, చివరికి ఇంజిన్ సీజ్ అవడం.. బిల్లు స్విచ్ ఖర్చుకు ఎన్నో రెట్లు అవుతుంది.

అందుకే స్విచ్ పక్కదారిగా మాత్రమే ఉండాలి. అంటే స్విచ్ ఆన్ చేస్తే ఫ్యాన్ తిరగాలి, ఆఫ్‌లో ఉన్నా వేడెక్కినప్పుడు ఆటోమేటిక్‌గా తిరగాలి. స్విచ్‌తో ఫ్యాన్‌ను ఆపే వీలు ఉండకూడదు. థర్మో స్విచ్ కంపెనీ రిలేను ఎర్త్ చేసే పాత కార్లలో ఇది ఇంకా తేలిక. ఆ సన్న వైరుకే మరో కొమ్మ తీసి, డ్యాష్‌బోర్డు స్విచ్ ద్వారా ఎర్త్ చేస్తే చాలు. రెండో రిలే అక్కర్లేదు. అయితే కొన్ని పాత మోడళ్లలో రిలేనే ఉండదు, ఫ్యాన్ కరెంట్ మొత్తం థర్మో స్విచ్ మీదుగానే వెళ్తుంది. వాటికి కొత్త రిలే తప్పదు.

ఏ కార్లకు ఇది పనికిరాదు?

ఫ్యాన్ వేగాన్ని ఎలక్ట్రానిక్ మాడ్యూల్ నియంత్రించే కార్లు, రెండు వేగాల ఫ్యాన్ ఉన్న కార్లు, ఫ్యాన్ పాజిటివ్‌కు బదులు నెగటివ్ వైపు స్విచింగ్ చేసే కార్లకు పైన చెప్పిన వైరింగ్ యథాతథంగా కుదరదు. ఆ మోడల్ వైరింగ్ డయాగ్రామ్ చూడకుండా చేయి పెట్టకూడదు. వారంటీలో ఉన్న కారుకైతే బయట వైర్లు కోయించకుండా సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లడమే మేలు.

పని అయ్యాక ఇవి చెక్ చేయండి

పని మొదలుపెట్టే ముందే బ్యాటరీ నెగటివ్ తీయించాలి. కొన్ని కార్లలో ఇంజిన్ ఆపినా ఫ్యాన్ హఠాత్తుగా తిరుగుతుంది, వేళ్లు జాగ్రత్త. పని పూర్తయ్యాక స్విచ్ ఆన్ చేసి, ఫ్యాన్ గాలిని ఇంజిన్ వైపు లాగుతోందో లేదో చూడాలి. వైర్లు తిరగేస్తే గాలి ఎదురుదిశలో వీస్తుంది. 15 నిమిషాలు నడిపాక వైరు, ఫ్యూజ్ హోల్డర్, రిలే పట్టుకుంటే కాలేంత వేడి ఉండకూడదు. తర్వాత స్విచ్ ఆఫ్ చేసి, ఇంజిన్‌ను నిలబెట్టి నడపాలి. ఫ్యాన్ దానంతట అది ఆన్ అయితేనే పని పూర్తయినట్టు. అవకపోతే అసలు లోపం అలాగే ఉందని అర్థం. స్విచ్ ఉంది కదా అని దాన్ని వదిలేయకూడదు.

దారిలో ముల్లు ఎర్రగీత వైపు వెళ్తుంటే ఏసీ ఆపి, హీటర్ ఫుల్‌గా పెట్టి, వీలైనంత త్వరగా బండి పక్కకు ఆపాలి. ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత మాత్రం అస్సలు తిప్పొద్దు. ఒత్తిడిలో ఉన్న మరిగే కూలెంట్ ముఖం మీదకు చిమ్ముతుంది. పూర్తిగా చల్లారే దాకా ఆగాల్సిందే.