దీపం ఆరింది, తలుపు పడిందా?

కారు తలుపు తెరవగానే లోపల దీపం వెలుగుతుంది, మూస్తే ఆరిపోతుంది. ఇంట్లో ఫ్రిజ్ కూడా అదే పని చేస్తుంది గనుక పిల్లలు సైతం దీన్ని వింతగా చూడరు. ఇంతకూ ఆ దీపాన్ని ఆర్పేది ఎవరు? తలుపే!

పాతరకం కార్లలో తలుపు చట్రానికి వేలికొనంత బొడిపె ఒకటి వుంటుంది. దాని వెనుక స్ప్రింగు, రెండు లోహపు మొనలు వుంటాయి. వీధి గుమ్మం దగ్గర గంట మీట నొక్కితే కరెంటు పారుతుంది. దీని తీరు అందుకు తలకిందులు. తలుపు వచ్చి బొడిపెను నొక్కితే మొనలు విడిపోయి కరెంటు ఆగుతుంది. తలుపు తెరిస్తే స్ప్రింగు బొడిపెను బయటికి నెట్టి మొనలను కలుపుతుంది. చాలా కార్లలో దీనికి ఒక్క తీగే వుంటుంది. రెండో తీగ పని కారు ఇనుప వొళ్ళే చేస్తుంది.

చెప్పినంత తేలిక కాదు దీన్ని చేయడం. ఏళ్ళు గడిచేకొద్దీ తలుపు బందులు జారుతాయి, అంచున వున్న రబ్బరు పట్టీ అణిగిపోతుంది. తలుపు ఎప్పుడూ ఒకేచోటికి వచ్చి ఆగదు. అందుకని మొనలు విడిపోయాక కూడా బొడిపె మరికాస్త లోపలికి పోయే వీలు వుంచుతారు. దుమ్మూ వాననీరూ చేరకుండా పైన రబ్బరు తొడుగు వేస్తారు.

అసలు చిక్కు మరొకటి వున్నది. కారు గడియకు రెండు మెట్లు. మెల్లగా వేసిన తలుపు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోవచ్చు. అప్పటికే బొడిపె నొక్కుకుపోయిందంటే దీపం ఆరిపోతుంది; లోపలివాళ్ళు తలుపు పడిందనుకుంటారు.

గుంటూరునుంచి చిలకలూరిపేట వెళ్ళే జాతీయ రహదారి మన ఎడ్లపాడు మీదుగానే పోతుంది. శివరాత్రికి కోటప్పకొండ బయలుదేరిన కుటుంబం ఒకటి ఆ దారిన వేగంగా పోతున్నదనుకోండి. వెనుక సీటులో చివర కూర్చున్న పిల్లవాడు నిద్రమత్తులో తలుపుకు జేరబడతాడు. సగం పడిన గడియను నమ్ముకుని వున్నది ఆ పసిప్రాణం!

అందుకే ఇప్పటి కార్లలో చాలావాటికి స్విచ్చిని చట్రంమీద కాక గడియలోనే అమర్చుతున్నారు. తలుపు అంచు ఎక్కడున్నా, గడియ రెండో మెట్టు పట్టేదాకా డ్రైవరు ముందున్న పలకమీద గుర్తు ఆరదు.

అయినా ఒక మెలిక మిగిలే వున్నది. ఒంటితీగ స్విచ్చిలో తీగ తెగినా, మొనలకు తుప్పు పట్టినా దీపం వెలగదు. తలుపు సరిగా పడినప్పుడూ వెలగదు. చీకటి రెండింటికీ ఒక్కటే.

కాబట్టి ప్రయాణానికి ముందు ఒక్కొక్క తలుపే తెరిచి దీపమో, పలకమీది గుర్తో వెలుగుతున్నదేమో చూడండి. వెలగకపోతే మెకానిక్కుకు చూపించండి. తరువాత తలుపులన్నీ వేసి, బయటినుంచి అరచేత్తో నొక్కి చూడండి. తలుపు అంచు కారు వొంటితో సమంగా వుంటే సరి. కొంచెం పైకి లేచి వుంటే మళ్ళీ తెరిచి గట్టిగా వేయండి. పిల్లలను ఎక్కించుకున్న తరువాత ఈ పనికి అరనిమిషం కూడా పట్టదు.