అడ్రినల్ గ్రంథుల శక్తిని తెలుపు రక్తపరీక్ష

గ్రామములందు అప్పుడప్పుడు ఇట్టి రోగి కానవచ్చును. అతడు దినదినము చిక్కిపోవును. లేచి నిలిచిన తల తిరుగును. వాంతులగును. ఉప్పుమీద కోరిక పెరుగును. అరచేతి గీతలు, చిగుళ్ళు నల్లబడును. రక్తము తక్కువయనియో, ఎండదెబ్బయనియో తలచి ఇంటివారు ఊరకుందురు. కాని యిది అడ్రినల్ గ్రంథుల లోపము కావచ్చును. 1855లో ఇంగ్లండు వైద్యుడు థామస్ అడిసన్ ఈ వ్యాధిని వర్ణించెను. ఆ గ్రంథులకు క్షయ సోకుట దీనికి గల కారణములలో నొకటి.

మూత్రపిండములపై టోపీలవలె అమరిన ఈ రెండు చిన్న గ్రంథులు కార్టిసాల్ అను హార్మోనును తయారుచేయును. జబ్బు, గాయము, శస్త్రచికిత్స వంటి సమయములందు రక్తపుపోటు పడిపోకుండ కాపాడునది యిదియే. మెదడు క్రిందనున్న పిట్యూటరీ గ్రంథి ఎ.సి.టి.హెచ్. అను మరియొక హార్మోనును పంపి వీనిచే పని చేయించును.

కార్టిసాల్ ఉదయము హెచ్చుగను, రాత్రి తక్కువగను ఉండును. కావున ఒకసారి తీసిన రక్తముతో అన్నివేళల నిర్ణయము సాధ్యము కాదు. బావి ఊట ఎంతయో తెలియవలెనన్న నీరు తోడి చూడవలెను గదా! ఈ పరీక్షయు అట్టిదే. మొదట కొంత రక్తము తీయుదురు. పిమ్మట కృత్రిమ ఎ.సి.టి.హెచ్. 250 మైక్రోగ్రాములు సూదిమందుగా నిత్తురు. 30, 60 నిమిషముల తరువాత మరల రక్తము తీసి చూతురు. గ్రంథులు ఆరోగ్యముగా నున్నచో కార్టిసాల్ సాధారణముగా 100 మిల్లీలీటర్లకు సుమారు 18 మైక్రోగ్రాములకు చేరును. పరీక్షావిధానమును బట్టి ఈ హద్దు కొంత మారును.

లోపమునకు మరియొక కారణము మన గ్రామములందే కలదు. కీళ్ళనొప్పులకు, ఉబ్బసమునకు స్టీరాయిడు మాత్రలను నెలల తరబడి వాడినచో, తమకు పని లేక గ్రంథులు మందగించును. అట్టివారు మాత్రలను హఠాత్తుగా మానినచో ప్రాణాపాయము కలుగవచ్చును. డాక్టరు సలహాపై క్రమముగా తగ్గించుకొనవలెను. పరీక్షకొరకైనను స్వయముగా మానరాదు.

రోగి స్పృహ తప్పుచున్నచో పరీక్షకై కాలము గడపక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. వాడుచున్న మాత్రలను వెంట తీసికొనిపోయి డాక్టరుకు చూపవలెను. హైడ్రోకార్టిసోన్ సూదిమందు, సెలైను సకాలమున అందినచో ప్రాణము నిలుచును. పంచాయతీ సభ్యులు ఈ రెండు విషయములను ఇంటింటికి తెలుపుట మేలు: స్టీరాయిడు మాత్రలను డాక్టరు చీటి లేక వాడరాదు, వాడుచున్నవారు ఒక్కసారిగా మానరాదు.