వార్తల్లో పదం: సబ్‌స్క్రిప్షన్ ట్రాప్

చేరుట సులభముగను, విరమించుట దుష్కరముగను కల్పించి, వినియోగదారుని ఖాతానుండి మాసమాసము సొమ్ము గ్రహించు వ్యాపారపద్ధతికి ‘సబ్‌స్క్రిప్షన్ ట్రాప్’ అని పేరు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ప్రకటించిన మార్గదర్శకములు నిషేధించిన, వినియోగదారులను తప్పుదోవ పట్టించు 13 ‘డార్క్ ప్యాటర్న్’లలో ఇదియు నొకటి. రద్దుచేయు మార్గమును మరుగుపరచుట, ఉచిత సభ్యత్వమునకు సైతము ఆటో డెబిట్ అనుమతి నిర్బంధించుట దీని లక్షణములు.

ఉదాహరణకు, ఫిట్‌నెస్ యాప్‌లో చేరి, వ్యాయామము మానినను రుసుము మానని వనపర్తి యువకుడు మొదట బ్యాంకులో ఆటో డెబిట్ అనుమతిని ఉపసంహరింపవచ్చును. కార్డు, యూపీఐల ఆటో డెబిట్‌కు 24 గంటల ముందు సమాచార మందవలెనని రిజర్వుబ్యాంకు నియమము. పిమ్మట 1915 వినియోగదారుల సహాయవాణిని ఆశ్రయింపవచ్చును. అప్పటికిని తీరనిచో, సంస్థ ఎంతటి దూరనగరమున నున్నను, తన నివాసస్థలముపై అధికారముగల జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయుటకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము వీలు కల్పించినది. చిన్న పట్టణముల వారికి ఇంతకు మించిన రక్షణ లేదని నా నమ్మకము. చెల్లించిన మొత్తము 5 లక్షల రూపాయలు మించనిచో ఫిర్యాదుకు రుసుము లేదు.