సౌర విద్యుత్తు: పగలు మందీ, రాత్రి తేజీ

(మా వాణిజ్య ప్రతినిధి)

గంభీరావుపేట: సౌర విద్యుత్తు వచ్చింది కనుక ఇక బొగ్గు పని అయిపోయినట్లేనా అన్న ప్రశ్న వర్తక వర్గాలలో తరచు వినిపిస్తున్నది. మిల్లు కప్పు మీద ప్యానెళ్ళు వేయించుకోవాలా, నాలుగెకరాల మెట్టలో ఒక మెగావాటు ప్లాంటు పెట్టాలా అని లెక్కలు వేసుకొంటున్నవారికి ఇది ఊరికే మాట్లాడుకొనే విషయం కాదు. విద్యుత్తును కూడా ధాన్యం వంటి ఒక సరుకుగా చూస్తే జవాబు కొంత తేలికగా దొరుకుతుంది.

ధర సంగతి ముందు చూద్దాం. 2010-11లో కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ సౌర విద్యుత్తుకు యూనిట్‌కు 17 రూపాయల 91 పైసలు నిర్ణయించింది. 2017 మేలో రాజస్థాన్‌లోని భడ్లా వేలంలో అది 2 రూపాయల 44 పైసలకు దిగింది. 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో 1 రూపాయి 99 పైసలు పలికింది. పదేళ్ళలో ఇంతగా పడిన సరుకు మన మార్కెట్లో మరొకటి లేదు. కొత్తగా కట్టే బొగ్గు కేంద్రం ఏదీ ఈ ధరకు అమ్మలేదు. కాబట్టి ధర గురించి తగాదా లేదు. సరుకు ఏ వేళకు వస్తున్నది, కొనుగోలుదారు ఏ వేళకు అడుగుతున్నాడు అన్నదే తగాదా.

విద్యుత్ ఎక్స్ఛేంజిలో రోజుకు 96 బజార్లు నడుస్తాయి. పదిహేను నిమిషాలకు ఒక ధర. మధ్యాహ్నం ఎండ వేళ దేశమంతటి సౌర సరుకు ఒకేసారి దిగుతుంది. 2025 మేలో ఒక ఆదివారం పగటిపూట కొన్ని బజార్లలో ధర దాదాపు సున్నాకు పడిపోయింది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు రాక ఆగిపోతుంది, గిరాకీ మాత్రం పెరుగుతుంది. గిరాకీ బిగిసిన రోజులలో అదే యూనిట్ 10 రూపాయల పరిమితిని తాకుతుంది. ఆ పరిమితి 2023 ఏప్రిల్‌లో కమిషన్ పెట్టింది కాబట్టి అక్కడ ఆగుతున్నది, లేకుంటే ఎంతదాకా పోయేదో. యాసంగి కోతల సమయంలో ధాన్యం ఒక్కసారిగా కల్లాల మీదికి వచ్చినప్పుడు ఏం జరుగుతుందో మన వర్తకులకు వేరే చెప్పనక్కర లేదు. ధాన్యానికి మద్దతు ధర ఉంది, గోదాము ఉంది. మధ్యాహ్నపు విద్యుత్తుకు నిన్నమొన్నటి దాకా గోదాము లేదు.

ఆ గోదామే బ్యాటరీ. దాని అద్దె పడిన తీరు ప్యానెళ్ళ ధర పడినదానికన్నా వేగంగా ఉంది. రెండు గంటల నిల్వ గల బ్యాటరీకి మెగావాటుకు నెలకు అద్దె 2022 నాటి వేలంలో 10 లక్షల 80 వేల రూపాయలు దాటింది. 2024 చివరికి గుజరాత్ వేలంలో అది రెండున్నర లక్షల లోపుకు వచ్చింది. 2024 డిసెంబరులో భారత సౌర ఇంధన సంస్థ జరిపిన వేలంలో నిల్వ సౌకర్యంతో కలిపిన సౌర విద్యుత్తు యూనిట్‌కు 3 రూపాయల 52 పైసలకే తెగింది. నిల్వలో తరుగు ఉంటుందని మరువరాదు. బ్యాటరీలో నూరు యూనిట్లు పోస్తే రమారమి 85 తిరిగి వస్తాయి. శ్రీశైలం ఎడమగట్టున 900 మెగావాట్ల రివర్సిబుల్ యంత్రాలు ఉన్నవి. నీటిని పైకి ఎక్కించి రాత్రికి దించే ఆ పద్ధతిలో తరుగు ఇంకొంచెం ఎక్కువ. తరుగు పోయినా మధ్యాహ్నం ధరకు, సాయంత్రం ధరకు మధ్య ఉన్న వారలో గిట్టుబాటు అవుతుంది. అయితే ఈ గోదాములు రెండు గంటలవి, నాలుగు గంటలవి. తెల్లవారే దాకా నిలిపేవి కావు.

పత్రికలలో వచ్చే పెద్ద అంకెల విషయంలోనూ జాగ్రత్త అవసరం. 2025 జూన్ నాటికి దేశంలో స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాసు, డీజిలేతర వనరులదే అయింది. నిజమే. కాని సామర్థ్యం వేరు, చేతికి వచ్చే సరుకు వేరు. మన ప్రాంతంలో ఒక మెగావాటు సౌర కేంద్రం ఏడాదికి సుమారు 16 లక్షల యూనిట్లు ఇస్తుంది. బాగా నడిచే బొగ్గు కేంద్రంలో ఒక మెగావాటు 65 లక్షలు ఇస్తుంది. అంటే ఒకటికి నాలుగు పెట్టాలి. అందుకే దేశంలో వాస్తవంగా ఉత్పత్తి అవుతున్న యూనిట్లలో బొగ్గు వాటా ఇంకా నాలుగింట మూడు వంతుల ప్రాంతంలోనే ఉంది.

రామగుండంలో ఈ తేడా కంటికి కనిపిస్తుంది. అక్కడ ఎన్టీపీసీ జలాశయం మీద తేలే 100 మెగావాట్ల సౌర కేంద్రం 2022 జూలై 1 నుంచి పూర్తిగా పనిచేస్తున్నది. దీనివల్ల ఏటా 1 లక్షా 65 వేల టన్నుల బొగ్గు మిగులుతుందని ప్రకటించారు. పక్కనే ఉన్న 2,600 మెగావాట్ల పాత కేంద్రం మామూలుగా నడిస్తే, మా లెక్క ప్రకారం, ఆ బొగ్గు అయిదారు రోజుల ఖర్చు. అదే ఆవరణలో 1,600 మెగావాట్ల కొత్త బొగ్గు కేంద్రం కూడా 2023, 2024లలో నడకలోకి వచ్చింది. దామరచర్ల వద్ద 4,000 మెగావాట్ల యాదాద్రి కేంద్రం సంగతి తెలిసిందే. సింగరేణి 2023-24లో 7 కోట్ల టన్నుల బొగ్గు తవ్వింది. రాత్రి సరుకు విషయంలో ప్రభుత్వాలే బొగ్గు మీద బేరం పెట్టుకొన్నవి.

మన తాలూకు గిరాకీ మాత్రం కొంచెం భిన్నమైనది, సౌరశక్తికి అసలైన అనుకూలత ఇక్కడే ఉంది. ఈ ప్రాంతానికి విద్యుత్తు పంచేది 1970లో మొదలైన సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం, మనవాళ్ళు 'సెస్' అనేది. దాని తీగల మీద సిరిసిల్ల మరమగ్గాలు రెండు షిఫ్టులు నడుస్తాయి. వాటికి రాత్రి కరెంటు తప్పదు. వ్యవసాయ మోటార్లకు ఆ తప్పనిసరి లేదు. రాష్ట్రంలో 17,162 మెగావాట్ల రికార్డు గిరాకీ 2025 మార్చి 20న వచ్చింది. అది యాసంగి వరికి నీళ్ళు పెట్టే రోజులు, ఎండ మండే రోజులు కూడా. మోటార్ల సరఫరాను పగటికి మళ్ళిస్తే అమ్మకం, కొనుగోలు ఒకే వేళకు కుదురుతవి.

2018 జనవరి 1 నుంచి రైతుకు 24 గంటల ఉచిత విద్యుత్తు ఉంది. అంతకుముందు రాత్రి వంతు వచ్చినప్పుడు బావి దగ్గర పడిన పాట్లు ఎవరూ మరచిపోలేదు. కొత్త సరఫరా వచ్చిన తొలినాళ్ళలో ఆటోస్టార్టర్లు రాత్రంతా తోడితే బోర్లు ఎండుతాయని కొందరు రైతులే అభ్యంతరం చెప్పారు. రాత్రి ఊట ఊరనిచ్చి పగలు తోడుకోవడం బోరుకూ మంచిదే. అయితే ఉచిత సరుకుకు వేళ ధర ఉండదు. రైతు తనంతట తాను మారడు, మార్చవలసింది ప్రభుత్వం. ఏ ప్రభుత్వమైనా '24 గంటలు' అన్న మాటను ముట్టుకోవడానికి జంకుతుంది.

పెట్టుబడి పెట్టదలచినవారికి 2019లో కేంద్రం తెచ్చిన కుసుమ్ పథకం ఉంది. సొంత భూమిలో అర మెగావాటు నుంచి రెండు మెగావాట్ల దాకా ప్లాంటు పెట్టి డిస్కమ్‌కు అమ్మవచ్చు. రాష్ట్రంలో దీనికి నిర్ణయించిన ధర యూనిట్‌కు 3 రూపాయల 13 పైసలు. మెగావాటుకు ఏటా 50 లక్షల రూపాయల రాబడి. మధ్యాహ్నం వేళ అది 5 హెచ్‌పీ మోటార్లు ఒక రెండు వందలు నడపగలదు. అప్పు మీద వడ్డీ, డిస్కమ్ బిల్లు చెల్లించే వ్యవధి చూసుకొనే దిగాలి. ఈ వ్యాపారంలో అసలు నష్టభయం ఎండ వల్ల కాదు, బకాయిల వల్ల.

వానాకాలంలో రాబడి తగ్గుతుంది. 2025 ఆగస్టు చివర ఎగువ మానేరు పొంగి నర్మాల దగ్గర రైతులు వరదలో చిక్కుకొన్న రోజులలో సూర్యుడు కనబడలేదు. ఆ రోజులలో మోటార్లకు కరెంటు అక్కరలేదు కాని మగ్గాలకు, ఆసుపత్రులకు కావాలి. అప్పుడు ఆదుకొనేది బొగ్గు, జలవిద్యుత్తు.

రైసుమిల్లర్ల లెక్క వేరు. బాయిల్డ్ మిల్లులో వడ్లు ఉడికేది ఊక మీద. సౌర విద్యుత్తు ఆ పని చేయదు, మోటార్లనే తిప్పుతుంది. సీజన్ లేని నెలలలో మిల్లు ఆగినా ప్యానెళ్ళు ఆగవు కనుక నెట్ మీటరు నిబంధనలు ముందే చూసుకోవాలి. ఇళ్ళకు వచ్చే 78,000 రూపాయల రాయితీ వ్యాపార కనెక్షన్లకు వర్తించదు. ఆదాయపు పన్నులో 40 శాతం తరుగుదల మాత్రం లభిస్తుంది. ఇక వరికోత యంత్రాలు, ట్రాక్టర్లు, ధాన్యం లారీలు అన్నీ డీజిలు మీదే నడుస్తున్నవి. వాటి జోలికి సౌరశక్తి ఇంకా రాలేదు.

2025 సెప్టెంబరు 22 నుంచి సౌర పరికరాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. బొగ్గు మీద 5 నుంచి 18కి పెంచి, టన్నుకు 400 రూపాయల సెస్సు ఎత్తివేశారు. లెక్క కట్టి చూస్తే టన్ను 3,077 రూపాయల లోపు పలికే బొగ్గుకు పన్ను భారం తగ్గింది, ఆ పైన ఉన్న మేలు రకానికి పెరిగింది. నాసిరకం బొగ్గు కొనే కేంద్రాలకు ఇది చిన్న ఊరటే.